పక్కటెముకల మీద మూడు చుక్కలు

నేను, బత్తుల సీతారావమ్మను, వయసు డెబ్బై రెండు, భర్త పోయి పదకొండేళ్లు, ప్రస్తుతం అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురు శారద, అల్లుడు ప్రసాదు గారు, మనవరాలు మేఘన ఉన్న ఇంట్లో ఉంటూ, గుంటూరులో ఉన్న నా చెల్లెలు నాగరత్నానికి చెప్పి రాయిస్తున్నాను. కలం పట్టింది అల్లుడు గారు. నా మాటల్ని మెత్తబరచనని ముందే ఒప్పుకున్నారు. అక్కడ చదివేది నీ కోడలు లక్ష్మి కాబట్టి, అమ్మాయ్ లక్ష్మీ, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు. మీ అత్త మధ్యలో లేచి వంటింట్లోకి పోతే వెనకాలే వెళ్లి చదువు.

నాగరత్నం, మరిది గారి మోకాలు ఎలా ఉంది? పిల్లలు బాగా చదువుతున్నారా? నువ్వెలా ఉన్నావని మాత్రం అడగను. అది తెలుసుకోవడానికే కదా డాక్టరు స్కాన్ రాశాడు, నువ్వే కదా పోనంటున్నావు. ఫోనులో ఆ మాట ఎత్తితే పెట్టేస్తున్నావు. కాగితాన్ని పెట్టేయలేవు కదా అని ఇలా రాయిస్తున్నాను.

మేము ఇక్కడ బాగానే ఉన్నాం. నేనూ బాగానే ఉన్నాను, ఈ మాట నిజం. మంచు ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున అందరూ తలా ఒక కారులో వెళ్లిపోతే సాయంత్రం దాకా నేనూ కిటికీ. పక్కింటి తెనాలి పిల్ల అప్పుడప్పుడూ చంటిదాన్ని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి స్నానానికి పోతుంది, అదే కాలక్షేపం. గోంగూర దొరుకుతుంది కానీ పులుపు లేదు. లక్ష్మి పంపిన ఎండు గోంగూర అయిపోవచ్చింది, వీలైతే ఇంకొంచెం పంపండి.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ల కిందట నాకు రొమ్ము ఆపరేషన్ అయినప్పుడు నువ్వే కదా పక్కన పడుకున్నావు. ఇప్పుడు అదే జబ్బు నీకూ వచ్చింది. ఎముకల్లోకి పాకిందేమో చూడాలని నీకు స్కాన్ రాశారు. అదే స్కాన్ నాకు పోయిన నెల తీశారు. నీకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అందులో నా తప్పు ఒకటుంది.

ఇక్కడ స్నానాల గదిలో తొట్టి ఉంటుంది. నిలబడి పైనుంచి నీళ్లు పోయించుకోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. తొట్టిలో బకెట్ పెట్టి, చెక్కపీట వేసుకుని కూర్చుని, చెంబుతో పోసుకుంటాను. జారుతుందని శారద రెండుసార్లు ఆ పీట తీసి గరాజులో పడేసింది. రెండుసార్లూ తెచ్చుకున్నాను. మూడోసారి ఆ పీట నిజంగానే జారింది. ఎడమ పక్క తొట్టి అంచుకి కొట్టుకుంది, కాసేపు ఊపిరి ఆడలేదు. లేచాను, పీట తుడిచి మంచం కింద దాచాను, పసుపు, సున్నం కలిపి పట్టు వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పీట పోతుంది, ఆ తర్వాత స్నానానికి ఒక మనిషిని పెడుతుంది. నన్నెవరో కడగడమా?

నెలన్నర గడిచినా నొప్పి పోలేదు. శారదతో నడుం పక్కన లాగుతోందని మాత్రం అన్నాను. పాత జబ్బు సంగతి తెలిసిన డాక్టరమ్మ వెంటనే ఎముకల స్కాన్ రాసింది. కాగితం మీద ప్రశ్నలు శారద చదివింది. ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అని ఒకటుంది. కూతురి మొహం చూస్తూ లేదన్నాను.

ఆటంబాంబు మందు ఎక్కిస్తారని నువ్వు భయపడుతున్నావు కదా, విను. చేతికి చిన్న సూది వేశారు, చీమ కుట్టినంత. మూడు గంటలు ఆగమన్నారు. ఆ మందు ఎముకల్లో చేరడానికి అంతసేపు కావాలట. నీళ్లు తాగమన్నారు, తాగాను. బల్ల ఎక్కే ముందు బాత్రూముకి వెళ్లి రమ్మన్నారు. మిగిలిన మందు మూత్రంలో దిగుతుంది, సంచి నిండుగా ఉంటే ఆ వెనక ఎముకలు కనపడవట. తర్వాత సన్నటి బల్ల మీద పడుకోబెట్టారు. పైన ఒకటి, కింద ఒకటి పెద్ద పలకలు. దాన్ని గామా కెమెరా అంటారు. చప్పుడు లేదు, నొప్పి లేదు. అరగంట పైన కదలకుండా ఉండాలి, అదొక్కటే నాకు కష్టమయింది.

నన్ను కాల్చేస్తుందా అని శారద చేత అడిగించాను. ఆ మిషను నడిపే అబ్బాయి నవ్వి చెప్పాడు. ఎక్స్‌రే అయితే మిషను నుంచి కిరణాలు మన ఒంట్లోకి వస్తాయి. ఇది ఏమీ వదలదు. ఎముకల్లో చేరిన మందు నుంచి కంటికి కనపడని కిరణాలు బయటికి వస్తుంటే వాటిని పట్టుకుని బొమ్మ గీస్తుంది, అంతే. ఆరు గంటలకి మందు సగం చల్లారుతుంది, ఇంకో ఆరు గంటలకి ఆ సగంలో సగం. ఆ పూట మాత్రం చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దన్నారు. పక్కింటి పిల్ల వస్తే గుమ్మంలోనే పంపేశాను.

అంతా అయ్యాక ఆ అబ్బాయి బొమ్మ చూసి మాటలు తగ్గించాడు. పక్కకి తిప్పి ఇంకో రెండు తీశాడు. ఏముందని శారద అడిగితే, చెప్పాల్సింది డాక్టరు అన్నాడు. నాగరత్నం, ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో అన్నం ఉడికింది కానీ ఎవరూ తినలేదు. శారద కారులోనే కూర్చుని ఏడ్చి, మొహం తుడుచుకుని లోపలికి వచ్చేది. నేను దేవుడికి కూడా పీట సంగతి చెప్పలేదు.

మూడో రోజు డాక్టరమ్మ మాకు బొమ్మ చూపించింది. మనిషి అస్థిపంజరం బూడిద రంగులో నీడలాగా ఉంది. మోకాళ్లు నల్లగా ఉన్నాయి, అవి అరుగుదల. మోచేతి దగ్గర చుక్క, అది సూది పొడిచిన చోటు. ఎడమ పక్కటెముకల మీద మాత్రం మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి, దారం పట్టి పెట్టినట్టు. ఎముక ఎక్కడ కట్టుకుంటుంటే అక్కడికి ఆ మందు ఎక్కువ పోతుందట. జబ్బు చేరినా కట్టుకుంటుంది, దెబ్బ తగిలినా కట్టుకుంటుంది. మందుకి ఆ తేడా తెలియదు, చూసే మనిషి తేల్చుకోవాలి.

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు మిరపకాయలు ఏరిన దాన్ని. రంగు పోయిన తాలుకాయ బస్తాలో వరస కట్టి కూర్చోదు, చెదిరి ఉంటుంది. నాకు లోపల అనుమానం తగిలింది. డాక్టరమ్మకీ అదే తగిలినట్టుంది. తన ఇంగ్లీషుని నాకు తెలుగులో చెప్పే ఆవిడని ఫోనులో పెట్టించింది. తెలంగాణ గొంతు.

"అమ్మా, డాక్టరమ్మ మళ్లొకసారి అడుగుతున్నది. జబ్బు ఇట్ల ఒక్క వరుసల నిలబడదట, ఎక్కడ పడితె అక్కడ చెల్లాచెదురైతదట. దెబ్బనే వరుసల తగుల్తదట. మీరు ఎక్కడన్న పడ్డరా? నిజం చెప్పుండ్రి."

శారద నా వంక చూస్తోంది. చెప్పేశాను. పీట, తొట్టి, పసుపు పట్టు, మంచం కింద దాచింది, అన్నీ.

శారద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "రెండు రోజులమ్మా," అంది. "రెండు రోజులు నా మనసులో నిన్ను చంపుకున్నాను."

ఇంటికి రాగానే మంచం కింద నుంచి పీట తీసి నేనే దాని చేతికిచ్చాను.

చుక్కలున్న చోట మళ్లీ వేరే స్కాన్ తీసి చూశారు. పక్కటెముకలు మూడు బీటలు వారి, అతుక్కుంటున్నాయి. జబ్బు జాడ లేదు. పీటని శారద ముక్కలు చేయించింది. ఇప్పుడు తొట్టిలో రబ్బరు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీ మీద, గోడకి బిగించిన కమ్మీ పట్టుకుని కూర్చుంటున్నాను. చెంబు మాత్రం వదల్లేదు.

ఇదీ నా వాదన. ఉంటే తెలియడం వద్దు అంటున్నావు నువ్వు. లేనిదాన్ని ఉందనుకుని రెండు రోజులు ఎలా ఉంటుందో నేను చూశాను. నువ్వు రెండు నెలలుగా అలా ఉంటున్నావు. నీకు నాలాగే మంచి మాట రావచ్చు. చెడ్డదే వస్తే, ఏ మందు వేయాలో వాళ్లకి తెలుస్తుంది. ఇప్పుడు మందులు చాలా ఉన్నాయని డాక్టరమ్మ తనంతట తానే చెప్పింది. ఆ బల్ల మీద పడుకునే ముందు పడ్డవీ, తగిలినవీ, పాత విరుగుళ్లూ అన్నీ చెప్పు. ఆటో దిగుతూ పడ్డ సంగతి నాకు తెలుసు. మరిది గారికి తెలియదని కూడా తెలుసు. ఇప్పుడు తెలిసింది.

పెద్దన్నయ్యకీ వదినకీ నా దండాలు, వాళ్ల దీవెన నాకు కావాలని చెప్పు. లక్ష్మికీ పిల్లలకీ నా ఆశీస్సులు. నీకు ఆశీస్సులు స్కాన్ అయ్యాక.

కింద నా వేలిముద్ర పక్కన జాగా వదిలించాను. వచ్చే బుధవారం స్కాన్‌కి వెళతానని అక్కడ నీ వేలిముద్ర వేసి, లక్ష్మి చేత సాక్షి సంతకం పెట్టించి, ఫోటో తీసి పంపు. ముద్ర వేశాక మాట తప్పిన వాళ్లు మన ఇంట్లో లేరు.

బత్తుల సీతారావమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర: (వేసినది)

నాగరత్నం, ఎడమ బొటనవేలి ముద్ర: ....................

వ్రాసినవారు: ప్రసాదు, అల్లుడు
సాక్షులు: శారద, కూతురు, మేఘన, మనవరాలు
నాగరత్నం తరఫు సాక్షి: ....................