రెండూ కుడికాలివే

తమ్ముడికి,

సోమవారం పొద్దున నేను ప్రార్థన ముగించి లేచేసరికి, మన చెల్లి కూతురు జడ వేసుకుని, సంచీ సర్దుకుని, గడప మీద కూర్చుని నువ్వు పంపిన బూట్లు తొడుక్కుంటోంది. ఎడమకాలు లోపలికి పోవడం లేదు.

"కొత్తవి కదా పెద్దమ్మా, కొన్నాళ్ళు కరుస్తాయి" అంది. ఎన్నడూ బూట్లు ఎరగని పిల్ల, అలాగే ఉంటాయనుకుని ఎలాగో కాలు దూర్చుకుని బడికి వెళ్ళింది.

రెండూ కుడికాలివేనని బడిలో నవ్వి చెప్పారట. కొట్టు అద్దాల్లో చూపుకు పెట్టే ఒంటి బూట్లు రెండింటిని జతకట్టి పంపావు. పాతికేళ్ళుగా చెప్పులమ్మేవాడివి, పొరపాటనకు.

పిల్ల ఏడవలేదు. ఒరుసుకుపోయిన కాలికి గుడ్డ చుట్టుకుని, "మామయ్య చూసుకోలేదేమోలే అమ్మా" అని వాళ్ళమ్మకే సర్దిచెప్పింది. తరవాత నా పక్కన చేరి మెల్లగా, "చూసే పంపాడు కదూ?" అంది. నేను అబద్ధమాడలేదు.

బూట్లతో పాటు పంపిన చీటీలో, బూట్లిచ్చాను కాబట్టి బడి మాన్పించి పిల్లను నీ కొట్లో పనికి పంపమన్నావు. ఆ సంగతి తేల్చడానికి సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం.

"అన్నయ్యకు కోపమొస్తేనో?" అంది చెల్లి.

"రానీ అమ్మా" అంది పిల్ల.

పిల్ల బడికే వెళుతుంది. నువ్వొస్తే మంచినీళ్ళిస్తాం. చేతిలో ఏమన్నా తెస్తే మాత్రం గుమ్మం బయటే పెట్టి రావాలని పిల్ల మాట. అందరం ఒప్పుకున్నాం.

అక్క