పాచి

జూన్ 3, మంగళవారం

వదిన వచ్చి వెళ్ళింది. ఈయన అక్కగారు. మహాతల్లి ఊరికే రాదుగా! ఒక గాజు తొట్టి, ఒక ఫిల్టరు, నీళ్ళ కవరులో బొటనవేలంత చేప తెచ్చింది. చేపను చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందని ఎవరో డాక్టరు వీడియోలో చెప్పాడట. పొద్దున లేస్తే డాక్టర్ల మొహాలే చూసే నాకు ఈవిడ వీడియో డాక్టరు గురించి చెబుతోంది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఈయన వాచీల కొట్టు పోయింది. అప్పటినుంచి ఈయన మాట్లాడడం మానేశాడు. నాతోనే కాదు, ఎవరితోనూ. తలూపుతాడు, తింటాడు, గోడ చూస్తాడు. గోడకు బదులు గాజు చూస్తే బాగుపడతాడని వదిన నమ్మకం.

చేప పేరు ఆస్కార్ అట. ఏం నటించిందని ఇచ్చారో.

జూన్ 4, బుధవారం

డ్యూటీ దిగి చేపల కొట్టుకి వెళ్ళాను. కొట్టతనికి ప్రొఫెసర్ అని పేరు పెట్టాను. ఒక ప్రశ్న అడిగితే ఒక క్లాసు పీకుతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కొత్త తొట్టిలో ముందు ఒట్టి నీళ్ళు కొన్ని వారాలు తిరగాలట, తర్వాతే చేపను వేయాలట. మరి తొట్టితో పాటే చేపనెందుకు అమ్మావయ్యా అంటే, మేడమ్ తొందరపడ్డారండీ అన్నాడు. వదిన తొందర నిజమే. ఇతని పళ్ళికిలింపు కూడా నిజమే.

ఎంత పెరుగుతుందని అడిగాను. తొట్టిని బట్టి పెరుగుతుందన్నాడు. ఏనుగుపిల్లను బాత్రూములో పెంచితే పిల్లిలా ఉండిపోతుందా అన్నాను. నవ్వాడు. నవ్వితే జవాబు చెప్పినట్టే అనుకుంటారు ఇలాంటివాళ్ళు.

అసలు వింత ఇది. ఫిల్టరు స్పాంజికి పాచి పడుతుందట, దాన్ని కుళాయి కింద కడగకూడదట. చేప వదిలిన విషాన్ని ఆ పాచే తింటుందట. మరీ పూడుకుపోతే, తొట్టిలోంచి తీసిన పాతనీళ్ళలోనే ఒకసారి పిండి మళ్ళీ పెట్టెయ్యాలట. నాకు చెబుతున్నాడు! ఆసుపత్రిలో కత్తెరలూ కత్తులూ ఉడకబెట్టి క్రిముల వంశం నాశనం చేసే గదికి ఇన్‌చార్జిని నేను. ఇంట్లో పాచి దాచుకోవాలట నేను.

జూన్ 19, గురువారం

ఈయన వాచీలు బాగుచేసే పట్టకారుతో చేపకు మేత పెడుతున్నాడు. ఒక్కో గింజ. పనిలేనివాడి పని.

జూన్ 26, గురువారం

ఈయన చేపతో మాట్లాడాడు.

చాటుగా వినే అలవాటు నాకు లేదు. తలుపు వెనకాల నిలబడి విన్నాను. తిన్నావా అని అడుగుతున్నాడు. కట్టుకున్నదాన్ని ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక చేపను చూసి కుళ్ళుకునే గతి పట్టింది నాకు.

ఆగస్టు 10, ఆదివారం

బొటనవేలు కాస్తా అరచేయి దాటింది. గులకరాళ్ళు నోటితో ఎత్తి గాజుకేసి కొడుతుంది. ఈయన వేలు ఎటు కదిలితే అటు వస్తుంది. నన్ను చూస్తే తోక తిప్పుకుని మూలకు పోతుంది. ఈ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు అలాంటివాళ్ళు.

తిరగడానికి చోటు చాలట్లేదు. ప్రొఫెసర్ ఇప్పుడు నాలుగడుగుల తొట్టి కావాలంటున్నాడు. మరి తొట్టిని బట్టి పెరుగుతుందన్నావే అంటే, అందరూ అలాగే అంటారు కదండీ, నేనూ అన్నాను అన్నాడు. సిగ్గూ శరమూ లేని మనిషి.

నాలుగడుగుల తొట్టి పెట్టాలంటే డైనింగ్ టేబుల్ తీసెయ్యాలి. నేను బతికుండగా జరగని పని.

సెప్టెంబర్ 21, ఆదివారం

కంటి పరీక్షకని వదిన ఈయన్ని తీసుకెళ్ళింది. రెండు రోజులు వాళ్ళింట్లోనే.

తొట్టి నుంచి నీచు వాసన. హాల్లో అడుగుపెడితే చాలు, చేపల మార్కెట్టు. ఈయన లేకపోవడమే మంచిదైంది. చేపను బకెట్లోకి మార్చాను. గులకరాళ్ళు ఉడకబెట్టాను. స్పాంజిని బ్లీచింగులో నానబెట్టి, వేడినీళ్ళలో మరిగించి, ఎండబెట్టాను. ఛీ, ఎంత జిగురు! నీళ్ళు మాత్రం, కుళాయి మందు వాసన పోవాలని ఈయన నిన్న పట్టి ఉంచినవే పోశాను. అంత తెలివిలేనిదాన్ని కాదు.

తొట్టి తళతళలాడుతోంది. మా ఆపరేషన్ థియేటర్ కూడా ఇలా ఉండదు.

సెప్టెంబర్ 24, బుధవారం

నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారాయి. చేప పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. ఈయన నిన్న వచ్చిన దగ్గర్నుంచి దాని ముందే కూర్చున్నాడు. కంచం ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 25, గురువారం. ఉదయం 6

చేప అడుగున పక్కకు ఒరిగిపోయింది. రంగు పోయింది. ఈయన ఫిల్టరు తీశాడు. స్పాంజి పట్టుకుని వాసన చూశాడు. నావైపు తిరిగాడు.

పాచిమొహందానా, దాన్ని చంపేశావే అన్నాడు.

ఇల్లంతా మోగిపోయింది. పెళ్ళయ్యాక ఈయన నోట నేను తిట్టు వినలేదు. అప్పుడే మొహం కడుక్కుని వచ్చాను, పైగా. కోపం రావాలి. రాలేదు. గొంతు అదే, కాస్త బొంగురుపోయింది, అంతే. పోలేదు ఆ గొంతు.

అది చస్తే ఈ నోరు మళ్ళీ మూతపడుతుంది. ఈసారి ఇక తెరుచుకోదు. జానెడు చేప, ఛీ, నా సంసారం దాని మొప్పల్లో ఇరుక్కుంది.

అదే రోజు. సాయంత్రం

సెలవు పెట్టాను. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. క్లాసు పీకాడు. చెప్పానా లేదా అన్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారన్నాడు. నోరెత్తకుండా నిలబడ్డాను. నేను! పాచి పోయింది కాబట్టి చేప విషంలో చేపే ఈదుతోందట. తన పెద్ద తొట్టిలోంచి ఒక స్పాంజి తీసి ఇచ్చాడు. నల్లగా, జిగురుగా, మురిక్కాలవలోంచి తీసినట్టు ఉంది. ఎండిపోతే పాచి చస్తుందన్నాడు. నా లంచ్ డబ్బా ఖాళీ చేసి, అతని తొట్టి నీళ్ళతో సహా అందులో పెట్టుకున్నాను.

బస్సులో పక్కసీటావిడ డబ్బా చూసి ఏం కూరని అడిగింది. పాచి అన్నాను. ఆకుకూర అనుకున్నట్టుంది, ఎలా వండుతారని అడిగింది. లోకంలో తెలివి ఎక్కడికి పోతోందో.

డబ్బా మాత్రం ఒళ్ళోనే పెట్టుకున్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాను.

సెప్టెంబర్ 27, శనివారం

ప్రొఫెసర్ స్పాంజి ఫిల్టరులో చేరింది. మేత బంద్. పొద్దునా సాయంత్రం కొంచెం నీళ్ళు తీసి కొంచెం పోయాలి. ఈయన తీస్తాడు, నేను పోస్తాను. మెల్లగా అంటాడు. పక్కనుంచి పొయ్యి అంటాడు. చేతికి సబ్బుందా అని నా చెయ్యి లాక్కుని వాసన చూస్తాడు. అన్నీ ఆర్డర్లే. కొట్టులో కుర్చీ ఎక్కినప్పుడు కూడా ఇంత దర్జా లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఇంకా ఒరిగే ఉంది. నేనూ తినలేదు. ఆకలి లేక, అంతే.

సెప్టెంబర్ 30, మంగళవారం

లేచింది!

ఈయన పట్టకారుతో ఒక గింజ వేశాడు. నోట్లో పెట్టుకుంది, ఉమ్మేసింది, మళ్ళీ మింగింది. పొగరు తగ్గలేదు దరిద్రపు చేపకి. స్నానాల గదిలోకి పోయి, కుళాయి తిప్పి, కడుపారా ఏడ్చాను.

అక్టోబర్ 12, ఆదివారం

నాలుగడుగుల తొట్టి వచ్చింది. పాత స్పాంజిని జిగురుతో సహా అందులోకి మార్చాము. నేనే మార్చాను. డైనింగ్ టేబుల్ వదిన పట్టుకుపోయింది, నేను ముందే చెప్పానుగా అంటూ. ఏం చెప్పిందో ఆవిడకే తెలియాలి. ఆరడుగులదైతే ఇంకా బాగుండేదని ప్రొఫెసర్ అప్పుడే మొదలుపెట్టాడు. ఈయన అతనితో బేరమాడాడు. గొంతు చించుకుని మరీ.

అక్టోబర్ 19, ఆదివారం

నేలమీద కూర్చుని తింటున్నాం. కూరలో ఉప్పు ఎక్కువైందని ఈయన అరిచాడు.

ఉప్పు సరిపోయింది. రేపు నిజంగానే ఎక్కువ వేస్తాను.