జానెడు తేడా

జూన్ 3
చేరాను. అడవి మధ్యలో ఒకే గది. ఒక మంచం, ఒక కుర్చీ. కిందటి వేసవిలో మా అక్క ఈ మంచం మీదే పడుకుంది. చలికాలంలో పోయింది.
ఆమె రాసిన పరిశోధన పేపర్ ఇంకా అచ్చు కాలేదు. కొండ ఎక్కేకొద్దీ చెట్ల జాతులు తగ్గాలి, ఈ చలిలో పదకొండుకు మించి ఉండవు, ఈవిడ పద్నాలుగు ఎలా లెక్కపెట్టిందని చదివినవాళ్ల అనుమానం. మళ్లీ కొలిచి రమ్మని అక్కకి గైడ్‌గా ఉన్న సార్ నన్ను పంపారు. చెల్లెల్ని పంపితే అక్క మాట నెగ్గుతుందని కాబోలు. నాకూ అదే కావాలి. అక్క పేరు మీద ఉన్న పేపర్ ఇదొక్కటే.

జూన్ 4
వాన.

జూన్ 5
రూలు సింపుల్. మీటరు ముప్పై సెంటీమీటర్ల కర్రను చెట్టు మొదట్లో నిలబెట్టి, దాని చివర దగ్గర టేపు చుట్టాలి. చుడితే అడ్డుకొలత చూపించే టేపు. కాండం అడ్డంగా అయిదు సెంటీమీటర్లు, ఆపైన ఉంటేనే చెట్టు. తగ్గితే లెక్కలోకి రాదు.
అక్క టేపు చుట్టిన చోటల్లా పసుపు పెయింటుతో గీత పెట్టింది. మొదటి బీచ్ చెట్టు మీద ఆ గీత నా కర్రకి జానెడు కింద ఉంది. ఆకులు రాలి నేల పెరిగిందేమో అనుకున్నాను. ఏడాదిలో జానెడా, నా మొహం.
రెండో చెట్టూ జానెడే. నలభయ్యో చెట్టూ జానెడే.
లావు చెట్లకి టేపు చుట్టాలంటే కావలించుకోవాలి. ఆరు నెలలుగా నేను ఎవర్నీ కావలించుకోలేదు. ఇవాళ నలభైమందిని.

జూన్ 6, సాయంత్రం ఆరు
తలుపు వెనక అక్క కర్ర దొరికింది. ఇచ్చిన కర్ర మొదటిరోజే విరిగిందనీ, ఛాతీ ఎత్తుకి కొత్తది కోసుకున్నాననీ ఆమె నోట్‌బుక్‌లో ఉంది. ఎవరి ఛాతీ ఎత్తుకి? అక్క నాకంటే జానెడు పొట్టి. కర్రని కొలిచాను. మీటరు పన్నెండు. వేల చెట్లు కొలిచింది, జేబులో టేపు పెట్టుకుని ఆ కర్రనొక్కదాన్నీ కొలవలేదు మహాతల్లి.
నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, ఎంతకీ ఆగలేదు. ఆ కర్ర చివర మా అక్క గుండె ఉండే ఎత్తు.

జూన్ 9
ఏ చెట్టయినా కిందికి వచ్చేకొద్దీ లావు. జానెడు దించి కొలిస్తే సన్నవీ పాసైపోతాయి. హేజెల్, విల్లో, రోవన్, ఈ మూడు జాతులూ అలాగే దూరాయి. హేజెల్ నాలుగు, విల్లో రెండు, రోవన్ ఒక్కటంటే ఒక్కటి.
ఆ రోవన్ పసుపు గీత దగ్గర 5.2. నా కర్ర దగ్గర 4.9. మూడుసార్లు చుట్టాను. టేపు వదులుగా పట్టుకుంటే అయిదు వస్తుంది. పట్టుకున్నాను కూడా. వచ్చింది. రాయలేదు.

జూన్ 10
సిగ్నల్ కోసం బండ ఎక్కి సార్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, జాతులు పదకొండే అన్నాను. పోయిన మనిషి కదా, పద్నాలుగే ఉండనీ, ఈ మాత్రం తేడా ఎవరు పట్టుకుంటారు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆలోచించుకుని రేపు చెప్పమన్నారు.

జూన్ 11
చదువుకునే రోజుల్లో, చినుకులు పడుతున్నాయని ఒక చెట్టుకి అంచనాగా అంకె వేశాను. అక్క కాగితం చించి, రెండు కిలోమీటర్లు వానలోనే వెనక్కి పంపింది. “చూడంది రాయకే” అంది. ఇంకేం తిట్టలేదు.
అక్క పరువు నిలబెట్టాలంటే అక్క మాట తప్పాలి.
పదకొండు అని పంపేశాను. పేపర్ వెనక్కి తీసుకుంటారు. ఇక అక్క పేరు అచ్చులో ఎక్కడా ఉండదు. ఆ పని నా చేత్తో నేనే చేశాను. ఎవరికైనా చెప్పుకుందామంటే, ఇలాంటివన్నీ నేను చెప్పుకునేది అక్కకే.

జూన్ 14
సరైన ఎత్తున తెల్ల గీతలు పెట్టడం అయిపోయింది. తప్పు గీతలు గోకి తీసేయాలని రూలు. తీయలేదు. తీశానని రాశాను.

మరుసటి ఏడు, జూన్ 7
రోవన్. తెల్ల గీత దగ్గర 5.0.
టేపు గట్టిగా బిగించే పట్టుకున్నాను అక్కా. జాతులు పన్నెండు.