సోదమ్మ పెట్టె

అక్టోబరు 12
కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు ముందువైపు ప్లాస్టిక్ అద్దం బిగించాను. లోపల సోదమ్మ బొమ్మ కూర్చుంటుంది. బటన్ నొక్కితే తల తిప్పి, సందులోంచి జోస్యం కార్డు వేస్తుంది. ఈ ఏడు హాలోవీన్ దెయ్యాల పండగ హంగామా వద్దన్నాను. మా ఆవిడ మార్నీ వింటేనా? నా రొమ్ములో గడ్డ ఉంటే వీధి పిల్లలు పండగ మానుకోవాలా అంది.

అక్టోబరు 19
తల తిప్పడానికి పాత కారు వైపర్ మోటార్ పెట్టాను. తల గిర్రున తిరిగింది. మార్నీ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్టోబరు 24
బయాప్సీ అయింది. ఆస్పత్రి వాళ్లు వారంలో ఫోన్ చేస్తారట.
ఏటా వాకిట్లో అట్ట సమాధుల మీద చావు జోకులు రాసేది నేనే. ఈసారి కార్డుల మీద పెన్ను ఆడలేదు. అన్నీ మంచివే రాశాను.

అక్టోబరు 28
ఎదురింటి పిల్ల టెస్ చేత ట్రయల్ వేయించాం. వరసగా అన్నీ నూరేళ్లు బతుకుతావనే కార్డులే. ఇదేం సోది మిస్టర్ గాలెన్, మా నానమ్మ ఇచ్చే బర్త్‌డే కార్డులా ఉంది అని పెదవి విరిచింది. మార్నీ నా మీద మండిపడింది. చావు మాట నువ్వు రాయకపోతే నాకు రాకుండా పోతుందా, భయపడితే పడు గానీ నా పండగ పాడుచెయ్యకు అంది. తనే కూర్చుని రాసింది: నీ చాక్లెట్లన్నీ నీ తమ్ముడు తింటాడు, అది చూసి నువ్వు చస్తావు.

అక్టోబరు 30
ఫోన్ రాలేదు.

అక్టోబరు 31, సాయంత్రం 4
మోటార్ కాలిపోయింది. తప్పు నాదే, పొద్దున్నుంచీ ఆపకుండా తిప్పి చూస్తూ కూర్చున్నాను. మార్నీ బొమ్మని తీసేసి, మొహానికి తెల్లరంగు పూసుకుని తనే లోపల కూర్చుంది. ఫోన్ నాకిమ్మంటే ఇవ్వలేదు.

రాత్రి 8
ఐదున్నరకి ఫోన్ వచ్చింది. అద్దంలోంచి చూశాను. ఆ రంగు కింద మొహం ఏమైందో తెలియలేదు. ఫోన్ పెట్టేసి, తల తిప్పి, ఎదురుగా ఉన్న బుల్లి దెయ్యానికి కార్డు వేసింది. నేనూ పిల్లల వెనక లైన్లో నిల్చున్నాను. నా వంతు రాగానే బటన్ నొక్కాను. సందులోంచి చెయ్యి చాపి నా వేలు పట్టుకుంది. సోదమ్మ గొంతుతోనే చెప్పింది. క్యాన్సరేనట. తొందరగానే దొరికిందట. పదకొండున ఆపరేషనట. ఇక జరుగు, వెనక పిల్లలున్నారు అంది.
జరిగాను.

నవంబరు 1
టెస్ వచ్చి సోదమ్మ ఏదని అడిగింది. వచ్చే హాలోవీన్‌కి మళ్లీ కూర్చుంటుందని చెప్పాను. ఒట్టేనా అంది.
ఒట్టే అన్నాను.