కోడలి గొంతు విన్నాను

మంగళవారం, రాత్రి

మా కోడలు స్వాతి నాతో మాట్లాడుతుంది! ఇవాళ కొత్తగా కాదు, కాపురానికొచ్చిన ఈ రెండేళ్ళూ మాట్లాడుతూనే ఉందట!

చెవి మిషను పెట్టుకోవడం నామోషీ అని ఇన్నాళ్ళూ నేను ఒప్పుకోలేదు. అందుకని సాయంత్రం మా అబ్బాయి రమేష్ ఆబిడ్స్‌లో ఇయర్‌బడ్స్ కొనుక్కొచ్చాడు. "నాంపల్లి మెట్రోల పోరగాళ్ళందరి చెవులల్ల గివే ఉంటయ్ నాయినా, నిన్నెవరు చూస్తరు?" అన్నాడు. తెల్ల డబ్బీలోంచి తీసి నా చెవుల్లో పెట్టి, ఎదుటివాళ్ళ మాట పెద్దగా వినపడేలా ఫోనులో ఏదో నొక్కాడు.

అలవాటుగా "అమ్మా, చాయ్" అన్నాను. వంటింట్లోంచి జవాబు వచ్చింది! "ఔ మామయ్యా, తెస్తున్న. చక్కెర వెయ్యలే." ఎంత సన్నటి గొంతు, నా తల్లిది! అదిరిపడి లేచి నిలబడ్డాను.

"రోజూ గిట్లనే చెప్తవా బిడ్డా?"

"రోజూ చెప్త. మీరే మొహం తిప్పుకుంటరు."

"మరి జర గట్టిగ చెప్పొద్దా?"

"మామ ముంగట గొంతు లేపొద్దని మా అమ్మ చెప్పి పంపింది మామయ్యా."

సిగ్గుతో చచ్చిపోయాను. చార్జింగుకు డబ్బీలో పెట్టమని రమేష్ రెండుసార్లు చెప్పినా తియ్యబుద్ధి కాలేదు. అవి ఆగిపోయేదాకా ఆ పిల్లను మాట్లాడించాను.

పలకరిస్తే పలకదు, పొగరు అని ఎంతమందితో అన్నానో! పొద్దున్నే వాళ్ళందరికీ ఫోను చెయ్యాలి. హిమాయత్‌నగర్ తమ్ముడు, మరదలు. బషీర్‌బాగ్ చిన్నక్క. అందరికంటే ముందు స్వాతి వాళ్ళ నాన్న. ఆయన మొహం మీదే అన్నాను...