రాయిస్ కోసం వేయించిన టైర్లు

ప్రియమైన అన్నయ్య రాయిస్‌కు,

నీ చెల్లెలు మారిబెత్ రాస్తున్నది. ఇక్కడ నేనూ వర్జిల్ బాబాయీ కులాసా. నాన్న సంగతి కింద వివరంగా రాస్తాను. నువ్వు వేళకు తింటున్నావనీ, ఎవరి జోలికీ పోకుండా ఉన్నావనీ తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. టీచరు పరీక్ష పాసయ్యాను. జనవరి నుంచి ఆరో తరగతి పిల్లలకు సైన్సు చెప్పాలి. చూడవచ్చిన వాళ్ళందరికీ నాన్న ఈ మాట చెబుతూనే ఉన్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, మాట మాటకీ ఆగుతూ, "మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది ఇదొక్కతే" అంటాడు. వెనక పెరట్లో మేపుల్ చెట్టు ఆకంతా రాల్చేసింది. ఊడ్చడానికి నాకు తీరిక చిక్కలేదు.

ఇక నాన్న పాత కారు షెవెల్ టైర్ల సంగతి. "పాతవి తీయొద్దు, గాడి లోతుగా ఉంది, నా చేత్తో బిగించినవి" అని రాశావు. అన్నయ్యా, గాడి లోతుగానే ఉంది. ఏడాదిలో నాలుగు ఆదివారాలు బయటికొచ్చే బండికి గాడి ఎలా అరుగుతుంది? కానీ టైరు పక్కన చెక్కి ఉండే అంకెలు చూశాను. అవి తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. నువ్వు బిగించేనాటికే అవి ముసలివి. పైపైన నిగనిగలాడుతున్నాయి గానీ పక్కలు ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిచ్చాయి. గోరు గుచ్చితే దిగదు. మనందరం చూపుకు మోసపోయాం.

వర్జిల్ బాబాయీ నేనూ పెగ్గీ అక్క టైర్ల కొట్టుకు వెళ్ళాం. మన బండికి పదిహేను అంగుళాల చక్రాలు కదా, ఈ రోజుల్లో ఆ కొలతకు గట్టిగా పట్టుండే టైర్లు దొరకడమే కష్టమట.

"పక్కన తెల్ల అక్షరాలున్నవి కావాలంటే బోలెడున్నాయి. ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటాయి. మలుపులో మాత్రం దేవుడే దిక్కు" అంది పెగ్గీ అక్క.

"దేవుడెందుకు, స్టీరింగు నా చేతిలో ఉంటే?" అన్నాడు బాబాయి.

"నీ చేతిలో ఉంటే దేవుడు కూడా దిగిపోతాడు బాబాయ్. పోనీ పందేల టైర్లు ఇవ్వనా? మెత్తనివి, నేలకు బంకలా అంటుకుంటాయి. చినుకు పడిందంటే మాత్రం బండిని తోసుకుంటూ ఇంటికెళ్ళండి."

నేను పుస్తకాల్లో చదివినంతా అప్పజెప్పాను. పదిహేడు అంగుళాల చక్రాలు వేయిస్తే ఇప్పటి కాలపు మంచి టైర్లు ఎన్నైనా ఉన్నాయని చెప్పాను. బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. "మీ నాన్నతో చెప్పు ఆ మాట. మంచం మీంచి లేచి మరీ కొడతాడు. ఆ విధంగానైనా లేస్తాడు, పద" అన్నాడు.

నాన్న లేవలేదు గానీ తిట్టాడు. "నా బండికి ఆ వెడల్పాటి పళ్ళేలా? అది షెవెల్ అమ్మడూ, పిల్లలాడుకునే బొమ్మ కాదు."

అసలు గొడవ ఆ తరువాత మొదలైంది. నీకు తెలుసుగా, ఇక్కడ బండ్ల పిచ్చివాళ్ళలో ఎవరు పోయినా, శ్మశానం గేటు ముందు వాళ్ళ బండిని కదలకుండా ఆపి, వెనక చక్రాలు గిర్రున తిప్పి, టైర్లు కాలేలా పొగ లేపుతారు. మన మేనమామ పోయినప్పుడు నువ్వే లేపావు. నాన్న మంచం పక్కనే కూర్చుని బాబాయి ఆ మాటే ఎత్తాడు.

"ఓర్విల్, నా మాట విను. కొత్తవి దేనికిరా? పాతవాటితో పొగ దట్టంగా వస్తుంది. ఏ లోకాన ఉన్నా నీకు కనపడేలా లేపుతాను."

నేను ఏడుస్తూ వంటింట్లోకి పోబోయాను. నాన్న నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, తేరుకోవడానికి చాలాసేపు పట్టింది.

"పాతవి షెడ్డులో దాచు. ఆ రోజుకు అవి ఎక్కించి నీ ముచ్చట తీర్చుకో. కొత్తవి నా చావుకి కాదురా. రాయిస్ తోలడానికి. వాడొస్తాడు, బండి తీస్తాడు. నేను వింటాను."

అలా మేము ఆ కొలతలోనే, పందేలవి కాకుండా, కాస్త మెత్తని రబ్బరు టైర్లు వెతికి ఎంచుకున్నాం. అక్షరాలు లోపలి వైపుకు తిప్పించాం, బయటికి వట్టి నలుపే. తడిలోనూ నిలబడతాయని పెగ్గీ అక్క పూచీ ఇచ్చింది. వెనకవి ముందువాటికన్నా ఒక వాసి వెడల్పు. మడ్‌గార్డుకు రాసుకుంటాయా అని అడిగావు. రాసుకోవు. చెయ్యి పెట్టి చూశాను.

ఇంతవరకూ టైర్ల గురించి రాస్తూ వచ్చాను. ఇది నాకు సులువు. ఇక మిగిలింది రాయాలి.

నాన్న ఊపిరితిత్తులు ఇక పనిచేయవు. ఇంటికొచ్చే నర్సు ఇప్పుడు గుళికలు మాని నాలుక కింద మార్ఫిన్ చుక్కలు వేస్తున్నది. అది దేనికో నీకు చెప్పనక్కర్లేదు. నీకు రాయొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. అందుకే గత ఉత్తరంలో కాలి నొప్పి అని రాశాను. నిన్ను ఒక్కసారి చూపించమని మీ జైలు వాళ్ళకు అర్జీ పెట్టాను. బతికుండగా అయినా, పోయాక అయినా, ఒకసారికే పంపుతారట. బతికుండగానే పంపండి అని రాశాను. కుదరదని జవాబొచ్చింది. మత్తుబిళ్ళల కేసులో ఉన్నవాళ్ళను పొరుగు రాష్ట్రానికి పంపరట. అర్జీ పెట్టానని నాన్నకు చెప్పాను. కాదన్నారని చెప్పలేకపోయాను. రోజూ అడుగుతాడు, "కాగితం వచ్చిందా?" అని. "రాలేదు నాన్నా" అంటాను.

మొన్న శనివారం టైర్లు ఎక్కించారు. పెగ్గీ అక్క కొట్టు నుంచి బండిని బాబాయి తోలుకొచ్చాడు. నేను నాన్న మంచం దగ్గర ఉన్నాను. ఆ వెనక గదిలోంచి వీధి కనపడదు, వినపడుతుంది. మూల మలుపు తిరిగి రెండో గేరు వేయగానే టైర్లు ఒక్క క్షణం కీచుమన్నాయి. పాత టైర్లు జారేవి, ఇవి నేలను కరిచి అరిచాయి. ఆ అరుపు తెప్పించడం నీకూ నీకు నేర్పిన బాబాయికీ తప్ప మన వీధిలో ఎవరికీ చేతకాదు. బాబాయి ఉన్నాడన్న సంగతే నాన్నకు తోచలేదు. మందు మత్తులోంచి కళ్ళు తెరిచాడు.

"రాయిస్ వచ్చాడు" అన్నాడు.

అన్నయ్యా, ఆయన మొహం నువ్వు చూడాల్సింది. ఎన్ని నెలలుగానో ఆ మొహంలో అంత రంగు లేదు. నేను "అవును నాన్నా" అన్నాను. ఆలోచించి అనలేదు.

"పంపించారా?"

"పంపించారు నాన్నా."

"బండి బాగా తోలాడు. విన్నావా? రమ్మను. లోపలికి రమ్మను వాణ్ణి."

అప్పుడు తెలిసింది నేనేం చేశానో.  "టైము అయిపోయింది నాన్నా, తీసుకెళ్ళిపోయారు" అన్నాను.

నాన్న చాలాసేపు తలుపు వంకే చూశాడు. తరువాత అటు తిరిగి పడుకుని, "వాకిట దాకా వచ్చి నా మొహం చూడకుండా పోయాడు" అన్నాడు. అంతే. ఆ పూట నుంచి కాగితం వచ్చిందా అని అడగడం మానేశాడు. సూపు తాగించబోతే నోరు తెరవడం లేదు. నీ కోసమే పట్టుకుని ఉన్న ఊపిరి వదిలేస్తున్నాడు.

బాబాయి నన్ను వాకిట్లో నిలబెట్టి కడిగేశాడు. "చదువుకున్నదానివి, అబద్ధమాడేటప్పుడు పూర్తిగా ఆడొద్దా? మీ నాన్న నిద్రలో ఉంటే వాడొచ్చి నుదుటి మీద ముద్దు పెట్టి పోయాడని చెబితే నీ నోరు పడిపోతుందా?" అని, తనే ఆ బండికి ఆనుకుని ఏడ్చాడు.

నిన్న నాన్నకు నిజం చెప్పేశాను. బండి తోలింది బాబాయి అనీ, నిన్ను అసలు పంపనే లేదనీ చెప్పాను. బాబాయి చేత కూడా చెప్పించాను. నమ్మలేదు. "వాణ్ణి వెనకేసుకు రాకండి. ఆ బండి చప్పుడు నాకు తెలీదా?" అన్నాడు. నా మాట మీద ఆయనకు ఇక నమ్మకం లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. నువ్వు ఫోను చేస్తే నీకన్నా ముందు ఆ యంత్రం గొంతు వస్తుంది కదా, ఫలానా జైలు నుంచి ఖైదీ మాట్లాడుతున్నాడని. అది వినలేకే నాన్న ఫోను దగ్గరికి వచ్చేవాడు కాదు. అది ఆయనకు వినిపించడం ఇష్టం లేకే నువ్వు ఫోను మానేసి ఉత్తరాలు పట్టుకున్నావు. ఫోను చెయ్యి, ఇప్పుడు ఆ గొంతే కావాలి. నా మాట నమ్మడు, బాబాయి మాట నమ్మడు, ఆ యంత్రం మాట నమ్ముతాడు. అది విన్నాక, నువ్వు అక్కడి నుంచి కదలనే లేదని నీ నోటితో చెబితే నమ్ముతాడు. ఆ గొంతు మొదలవకముందే ఫోను ఆయన చెవికి ఆనిస్తాను. తరువాత నీకు ఏం మాట్లాడాలనిపిస్తే అది మాట్లాడు. ఏమీ తోచకపోతే టైర్ల గురించైనా అడుగు. నా మీద కోపంతో పోయినా సరే, నీ మీద కోపంతో పోకూడదు.

మీ ఆఫీసుకు ఫోను చేసి నీకు కబురు చెప్పమన్నాను. చెబుతామన్నారు. నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు గనుక చెప్పినట్టు లేరు. ఈ ఉత్తరం నీకు ఎన్నాళ్ళకు చేరుతుందో తెలియదు. చేరేసరికి నాన్న ఉంటాడని రాయలేను, అన్నయ్యా.

దీన్ని నీకన్నా ముందు విప్పి చదివేవాళ్ళు అక్కడ ఒకరుంటారు కదా. అయ్యా, అమ్మా, మీరెవరైనా సరే, ఇక్కడి దాకా చదివారు గనుక అడుగుతున్నాను. ఈ కాగితాన్ని మిగతా ఉత్తరాల కట్టలో పెట్టకండి. లేచి వెళ్ళి మా అన్నయ్య చేతికి ఇవ్వండి.

ఇట్లు,
ఫోను పక్కనే కూర్చుని ఉన్న నీ చెల్లెలు,
మారిబెత్ ట్యాకెట్