శ్రమ దినాల్లో టఫీ భోజనం

ఖమ్మం,
మంగళవారం.

షాలేమ్‌రాజు మామయ్యకూ సంపూర్ణ అత్తమ్మకూ మేనకోడలు ఆరాధన వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ ఊళ్లో ఫోను సిగ్నలు దొరకాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి, ఎక్కినా మామయ్య "హలో, హలో" అనడానికే సరిపోతుంది. అందుకే అంతా కాగితం మీద పెట్టి, టఫీతో పాటు పంపిస్తున్నాను.

టఫీ సంగతి మీకు తెలుసు కదా, నా లాబ్రడార్. వాడికి ఒళ్లంతా ఒకటే దురద. గోక్కుని గోక్కుని వీపు పుండు చేసుకున్నాడు. ప్యాకెట్లో వచ్చే ఆ గోధుమరంగు గింజలు మాన్పించి, పచ్చి మాంసం అలవాటు చెయ్యమన్నాడు డాక్టరు. కోడి మెడలు, రెక్కలు, కొంచెం కార్జం, అన్నీ పచ్చివే. కానీ మా ఓనరు పద్మావతమ్మగారు కోడిగుడ్డు పేరెత్తితేనే గడప కడుక్కునే మనిషి. ఆమె ఇంట్లో పచ్చి మాంసమా! దురద తగ్గకపోతే కుక్కని పంపించెయ్, లేదంటే నువ్వే ఇల్లు ఖాళీ చెయ్ అని కూడా అనేసింది. ఇక నాకు దిక్కు మీరే.

వండొద్దు. అదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఎముక పచ్చిదైతే వాడు నమిలేస్తాడు, ఉడికిందైతే చీలి గొంతులో గుచ్చుకుంటుంది. మొదట కొంచెం కొంచెంగా పెంచండి. గింజలూ మాంసమూ ఒకే పూట కలపొద్దు.

మీ ప్రార్థనల్లో నన్నూ టఫీనీ తలుచుకోండి.
మీ ఆరాధన.

తా.క.: వాడిని "కుక్క" అని పిలవకండి. మనసు కష్టపెట్టుకుంటాడు.

*

ప్రభువునందు ప్రియమైన మేనకోడలికి మామయ్య షాలేమ్‌రాజు దీవెనలు.

నీ కుక్క క్షేమంగా చేరింది. అలా పిలిచినా ఏమీ అనుకోలేదు, తోక ఊపింది.

నువ్వు క్యాలెండరు చూడకుండా పంపావమ్మా. ఇవి శ్రమ దినాలు, మనకి ఉపవాస కాలం. ఈస్టరు వరకూ మాంసం మా ఇంటి గడప దాటదనీ, నేనూ నా భార్యా ముక్క ముట్టమనీ, మొదటి రోజే, భస్మ బుధవారం నాడు చర్చిలో లేచి నిలబడి సంఘమంతటి ముందు మాట ఇచ్చాను. ఈస్టరు తర్వాత సంఘపెద్ద ఎన్నిక. సారపాక మిల్లులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నన్ను ఎవరూ పెద్ద అనలేదు. ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చోవాలని నా ఆశ. నీకిది చిన్న సంగతిగా కనబడొచ్చు, నాకు మాత్రం కాదు. నాకు పోటీ జయరాజ్. అతనూ ఉపవాసమే, మధ్యాహ్నం వరకు. సాయంత్రం కోడి.

అయినా మేనకోడలు అడిగాక కాదంటానా! మన ఊళ్లో కొంటే గోల అని జూలూరుపాడు వెళ్లి, భీమయ్య కొట్లో కొని, పాటల పుస్తకాల సంచిలో పెట్టుకుని తెస్తున్నాను. గడప దాటనివ్వడం లేదు. పెరటి గోడ మీదుగా మీ అత్తమ్మకి అందిస్తాను. కుక్కకి పెట్టే పని ఆమెది. నేను అటు చూడను, చూస్తే నోరూరుతుంది.

ఇట్లు,
షాలేమ్‌రాజు.

తా.క.: అమ్మా, నేను అత్తమ్మని. మెడలు ఏ మూలకొస్తాయి? తొడ ముక్కలు తేవొచ్చేమో మీ డాక్టరుని అడుగు. పచ్చిదే పెట్టమన్నావు సరే, మరీ అంత చప్పగానా? కొంచెం ఉప్పు, కారం, పసుపు పట్టించాను.

*

మామయ్యకూ అత్తమ్మకూ వందనాలతో ఆరాధన రాసేది.

అయ్యో అత్తమ్మా! ఉప్పూ వద్దు, కారమూ వద్దు, వాడు మనలా కాదు. తొడ ముక్కలు మాత్రం నిరభ్యంతరంగా పెట్టొచ్చన్నాడు డాక్టరు.

మామయ్యా, పాటల పుస్తకాల సంచిలో కోడేమిటి! దాస్తేనే కదా అనుమానం వచ్చేది. కుక్క కోసమని నలుగురికీ చెప్పెయ్యండి. నిజం చెప్తే ఎవరేమంటారు?

ఉంటాను మరి,
ఆరాధన.

తా.క.: పద్మావతమ్మగారు టఫీ ఎక్కడని అడిగింది. గాలి మార్పుకి పంపానన్నాను. "నాకూ పోవాలనే ఉంది" అంది.

*

నిజం చెప్పమన్న ఆరాధనకు, చెప్పి చెడిన మామయ్య రాయునది.

నీ మాట పట్టుకుని భీమయ్య కొట్లోనే మొదలుపెట్టాను. "ఏంది సార్, శ్రమ దినాలు గప్పుడే అయిపోయినయా?" అన్నాడు. "నాకు గాదు భీమయ్యా, మా మేనకోడలి కుక్కకు" అన్నాను. "అవ్ సార్, అవ్. మా బామ్మర్ది గూడ గంతే. కల్లు తెచ్చేది బర్రెకు తాపనీకే అంటడు" అని, ఇంకో తొడ ముక్క ఎక్కువేశాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా.

అంతటితో పోలేదు. శుక్రవారం కుటుంబ ప్రార్థన మన ఇంట్లో పడింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, నీ టఫీ పెరట్లోంచి ఒక ఎముక నోట కరుచుకొచ్చి జయరాజ్ కాళ్ల దగ్గర పెట్టాడు. ప్రార్థనలో కళ్లు తెరిచి ఉన్నది జయరాజ్ ఒక్కడే. ఆ తప్పు ఎవరికీ పట్టలేదు. ఎముక మాత్రం అందరికీ పట్టింది.

"గిదేంది అన్నా, దీనికి పసుపు గూడ అంటింది! కుక్క మసాలా నూరుకుంటున్నదా?" అన్నాడు. మా ఇంట్లో మాంసం పసుపు వేసి కడుగుతారని చెప్పాను. "కడుగుతరు, కడుగుతరు" అని తలూపాడు.

టఫీకి దురద తగ్గింది, వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. నేను మాత్రం చిక్కాను. మీ అత్తమ్మ నాతో పాటు పప్పూ చారూ తింటూ కూడా కళగానే ఉంది. అది దేవుని కృప. నాకే ఒక చిక్కు వచ్చిపడింది. సాయంత్రం ప్రార్థన నుంచి ఇంటికి రాగానే కోడికూర వాసన కొడుతోంది. పాస్టరుగారిని అడిగితే, ఉపవాసంలో అలాంటి సైతాను శోధనలు మామూలే, తట్టుకోమన్నారు. తట్టుకుంటున్నాను.

ఇట్లు,
శోధనలో ఉన్న
షాలేమ్‌రాజు.

తా.క.: అత్తమ్మని. ప్రార్థనలో నేనూ కళ్లు తెరిచే ఉన్నాను. ఎముకని చూసింది మొదట నేనే.

*

మామయ్యకు ధైర్యం చెబుతూ ఆరాధన.

ఇంత రాద్ధాంతం అవుతుందనుకోలేదు. వాడిని వెనక్కి తెచ్చుకుందామంటే పద్మావతమ్మగారు, గింజలు మళ్లీ మొదలుపెడదామంటే డాక్టరు. ఇటు నుయ్యి, అటు గొయ్యి.

ఒక పని చెయ్యండి. ఆదివారం చర్చి అయ్యాక అందరినీ మీ వాకిట్లోకి పిలిచి, అందరి ఎదుటా టఫీకి పచ్చి కోడి పెట్టండి. గిన్నె నాకేస్తాడు. కళ్లతో చూశాక ఇంకెవరు కాదంటారు?

మీ ఆరాధన.

తా.క.: మొన్న రాసిన ఉత్తరంలో "చెప్పి చెడిన" అన్నారు కదా. ఈసారి చూపించి గెలుస్తారు, చూడండి.

*

ఆరాధనకు మామయ్య రాయునది.

చూపించాను.

సంఘమంతా వచ్చింది. కుర్చీలు చాలక పక్కిళ్ల నుంచి తెచ్చాం. కొత్త పళ్లెంలో కోడి ముక్కలు నేనే స్వయంగా పెట్టాను. టఫీ వచ్చాడు. వాసన చూశాడు. నా ముఖం చూశాడు. తర్వాత తిన్నగా వెళ్లి మీ అత్తమ్మ పక్కన కూర్చుని, మూతి తిప్పుకున్నాడు. బతిమాలాను. నోటి దగ్గర పెట్టాను. పాస్టరుగారు కూడా ఒకసారి "తిను నాయనా" అన్నారు. తినలేదు.

జయరాజ్ లేచాడు. "చూసిన్రా, పాపం! నోరులేని జీవి గూడ శ్రమ దినాలు పాటిస్తున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనివాళ్లు జాలిగా మీ అత్తమ్మ వైపు చూశారు, అది ఇంకా కష్టంగా ఉంది. "ఈమె ముందల్నే కూసుని తింటుండేమో" అని వెనక వరసలో ఎవరో ఆడమనిషి గొణగడం నా చెవిన పడింది.

ఏడుపొచ్చిందమ్మా. నేను తినలేదు. ఇన్నాళ్లలో ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. నా మాట నమ్మడానికి నా ఇంటి కుక్క కూడా సాయం రాలేదు. ఇంక ఆ కుర్చీ నాకు దక్కదు.

షాలేమ్‌రాజు.

తా.క.: ఆయన నిజంగానే తినలేదమ్మా. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

*

ప్రియమైన మామయ్యకు,

చదివి నాకూ ఏడుపొచ్చింది. బాధపడకండి. ఎన్నిక రోజుకి సెలవు పెట్టి వస్తున్నాను. డాక్టరు చీటీ తెస్తాను, సంఘం ముందు సాక్ష్యం చెబుతాను. కోడి తిన్నది టఫీయేనని బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను.

మీ ఆరాధన.

తా.క.: టఫీకి ఒంట్లో బాగుందా? తిండి దగ్గర మూతి తిప్పడం వాడి వంశంలోనే లేదు.

*

నా బంగారుతల్లి ఆరాధనకు అత్తమ్మ ముద్దులు.

ఈ ఉత్తరం మీ మామయ్య చూడకుండా రాస్తున్నాను, ఒక్కదానివే చదువుకో. నువ్వు సాక్ష్యానికి బయల్దేరకు. బైబిలు మీద చెయ్యి అసలే వెయ్యకు.

ఎన్నిక ముందుకు జరిపారు, అయిపోయింది కూడా. ఈసారి ఆడవాళ్లని కూడా నిలబెట్టొచ్చన్నారు. అనగానే పాస్టరమ్మ మహిమ లేచి, "ఇంట్ల మొగుడు ఎదురుంగ కూసుని కోడి తింటున్నా, ముక్క ముట్టకుంట ఉపాసమున్న తల్లి మన నడుమనే ఉన్నది" అంది. ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. జయరాజ్ కూడా నాకే చెయ్యెత్తాడు. ఇప్పుడు సంఘపెద్దని నేను.

అసలు సంగతి విను. నీ టఫీ మొదటి రోజే ఆ పచ్చి మాంసం వాసన చూసి పక్కకి పోయాడు. నేను పెట్టిన పప్పన్నం మాత్రం గిన్నె నాకి మళ్లీ అడిగాడు. అప్పటి నుంచీ వాడికి అదే. వాడి దురద గింజలు మానేసినందుకు తగ్గిందో, నా వేపాకు స్నానానికి తగ్గిందో మీ డాక్టరునే చెప్పమను. ఇక మాంసం. పారేద్దామనే కడిగాను. కడిగాక పసుపు వేశాను. పసుపు వేశాక కారం వెయ్యకుండా ఉండగలిగే చెయ్యి కాదమ్మా నాది. మీ మామయ్య సాయంత్రం ప్రార్థనకి వెళ్లగానే పెరట్లో పొయ్యి వెలిగించేదాన్ని. ఉడికిన ఎముకలు వాడికి పెట్టొద్దన్నావు కనుక ఒక్కటీ పెట్టలేదు, అన్నీ పాతిపెట్టాను. వాడే తవ్వి తెచ్చాడు.

పాపమంటావా? మాట ఇచ్చింది ఆయన. "నేనూ నా భార్యా" అని సంఘం ముందు చదివేశాడే, ముందు రోజు నన్నొక మాట అడిగాడా? పెళ్లయిన దగ్గర్నుంచీ మొక్కేది ఆయన, తీర్చేది నేను. ఈ ఒక్కసారి తీర్చలేదు, అంతే.

కానీ ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఆ కుర్చీ మీద ఆయనకెంత ఆశో నాకు తెలియదా! సంఘం కమిటీ నాకు అప్పగించిన మొదటి పనేమిటో తెలుసా? షాలేమ్‌రాజు మాట తప్పాడా లేదా అని విచారించడం. విచారించాను. నిర్దోషి అని తేల్చి చెప్పాను. "మరెవరు తిన్నరు పెద్దమ్మా?" అన్నాడు జయరాజ్. కుక్కే తిన్నదని సంతకం పెట్టాను. పెద్ద చెప్పాక ఇంక ఎదురేముంది, అందరూ ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చాక మీ మామయ్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "లోకమంత ఒక దిక్కు, నువ్వొక్కదానివి ఒక దిక్కు. నన్ను నమ్మింది నువ్వొక్కదానివే సంపూర్ణా" అన్నాడు. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఆయన అడగలేదు.

నీ అత్తమ్మ,
సంఘపెద్ద సంపూర్ణ.

తా.క.: టఫీని ఇక పంపను. వాడికి అన్నీ తెలుసు.